పుల్లమ్మ పట్టిన కత్తెర

ఎమ్మిగనూరు మగ్గాల వీధిలో మా ఇంటికి ఎదురిల్లు పుల్లమ్మ వాళ్లది. మా నాయన సేతుమాధవరావు బడిపంతులు. అద్దె తక్కువ, కొళాయి దగ్గర అని ఆ వీధిలో కాపురం పెట్టాడు. పొద్దున మొదలైన మగ్గాల చప్పుడు దీపాలు పెట్టేదాకా ఆగేది కాదు. ఆ చప్పుడులోనే నేను బీయెస్సీ చదివాను. పుల్లమ్మ నాకన్నా నాలుగేళ్లు పెద్దది. నేను ఆమెను అక్కా అనేదాన్ని, ఆమె నన్ను చంద్రమ్మా అనేది. నాకు నోరెక్కువ, కోపం ముక్కు మీదే ఉంటుంది. ఆమెకు ఆ రెండూ లేవు. ఆమె గురించి రాద్దామని కూర్చుంటే నాకు ముందు కోపమే వస్తుంది, ఏడుపు ఆ తర్వాత.

నందవరం నుంచి సోమప్ప పెళ్లాంగా వచ్చింది పుల్లమ్మ. గుంత మగ్గంలో దిగి కూర్చుంటే మనిషి నడుము దాకానే కనపడేది. తెగిన పోగును ఆమె ముడేస్తే ఆ ముడి వేలితో తడిమినా దొరికేది కాదు. సోమప్ప మంచివాడు, కాకపోతే వాళ్లమ్మ కస్తూరమ్మ ముందు నోరు పెగలని మంచివాడు. పెళ్లయిన రెండేళ్లలో పుల్లమ్మకు రెండుసార్లు కడుపు పోయింది. రెండుసార్లూ నెల తప్పగానే వీధంతా చెప్పుకున్నారని, దిష్టి తగిలిందని కస్తూరమ్మ తేల్చేసింది.

"ఇంగ మల్ల నిలిస్తే మూడు నెల్లు నిండేదంక నోరిప్పాకు. ఎవురితోనూ సెప్పాకు. నాతో గూడ సెప్పాకు" అని కోడలికి ఆజ్ఞ వేసింది.

మూడోసారి నెల తప్పింది 1980 సంక్రాంతి దాటాక. పుల్లమ్మ ఆ మాట మొగుడి చెవిన తప్ప ఎవరి చెవిన వేయలేదు. అత్త చెప్పినట్టే చేసింది. ఆమె జీవితమంతా అత్త చెప్పినట్టు చేయడం వల్లే పాడైందని నేనంటే, ఆమె నన్ను కసురుకునేది.

ఆ ఫిబ్రవరిలోనే సూర్యగ్రహణం. మధ్యాహ్నం వేళ పట్టపగలే చీకటి పడింది. మగ్గాలన్నీ ఆపేశారు, వీధిలో పిల్లి కూడా తిరగలేదు. నేను పొగ పట్టించిన గాజుముక్కతో మిద్దె ఎక్కుతానని మా అమ్మతో పోట్లాడుతున్నాను. ఎదురింట్లో తలుపులు మూసుకుని కూర్చున్న కస్తూరమ్మకు పొద్దు పోవడం లేదు. "ఊరికే కూసోని ఏం జేస్తావు, ఆ చీర మింద పోగుల కొసలన్నా కత్తిరించు" అని కోడలి చేతికి కత్తెర ఇచ్చింది. కడుపుతో ఉన్న ఆడది గ్రహణం వేళ కత్తి, కత్తెర పట్టకూడదని మా వైపు పసిపిల్లకు కూడా తెలుసు. పట్టనంటే ఎందుకని అడుగుతుంది. చెబితే మూడు నెలల కట్టు తప్పుతుంది. పుల్లమ్మ కత్తెర పట్టి కొసలు కత్తిరించింది.

గ్రహణం పోయిన కొన్నాళ్లకు ఆదోని నుంచి కబురొచ్చింది. సోమప్ప వాళ్లన్న అక్కడ పత్తి మిల్లులో పనిచేసేవాడు. పెళ్లాం కాన్పులో చచ్చిపోతే, ఆ కాన్పులో పుట్టిన ఎనిమిదేళ్ల కూతురు మాదేవితో ఒంటరిగా ఉండేవాడు. కస్తూరమ్మకు ఆ మనవరాలంటే పడదు. పుడతానే తల్లిని మింగింది అనేది, ఆ పిల్ల వినేటట్టే అనేది. ఇప్పుడు ఆ పిల్లకు అమ్మవారు పోసింది. పెద్దమ్మవారు కాదు, చిన్నది. వాళ్ల వీధిలో చాలామంది పిల్లలకు పోసిందట.

అమ్మవారు పోసిన బిడ్డను ఇల్లు కదిలించరు. గడపకు వేపమండలు కడతారు. పోపు వేయరు. ముత్తైదువ ఒకతి పక్కనుండి సేవ చేయాలి. కడుపుతో ఉన్నవాళ్లు మాత్రం ఆ గడప తొక్కకూడదు. ఈ కట్టు ఎవరు పెట్టారో గానీ చాలా తెలివిగా పెట్టారు. కానీ కడుపుతో ఉన్నట్టు పుల్లమ్మకూ సోమప్పకూ తప్ప ఎవరికీ తెలియదు కదా.

"నువ్వు పోవే. ఇంగెవురు పోతారు" అంది కస్తూరమ్మ.

సోమప్ప పెళ్లాం వైపు చూశాడట. ఆమె నేల చూపులు చూసిందట. చెబితే ఈ కడుపు కూడా పోతుందేమోనని భయం. చెప్పకపోతే తల్లిలేని పిల్ల దగ్గరికి పోవాలి, అది ఆమెకు ఇష్టమే. మధ్యాహ్నం బస్సుకు ఆదోని పోయింది.

పిల్లకు పెద్ద జబ్బేమీ కాదు. మొహం మీద సన్నగా గులాబీరంగు దద్దుర్లు లేచి ఒళ్లంతా పాకి, తొందరగానే మాయమయ్యాయి. కాస్త ఒళ్లు వెచ్చబడింది, చెవుల వెనక ఉండలు కట్టాయి. ఆడుకోవడానికి పోతానని ఒకటే గోల చేసింది. నీళ్లు పోసిన నాడు పెరుగు కలిపిన సద్దన్నం అమ్మవారి ముందు పెట్టి, ఆ బిడ్డ చేత్తో ముద్ద తీసి సేవ చేసిన ముత్తైదువ నోట్లో పెడుతుంది. ఆ వేళకు ఆ బిడ్డే అమ్మవారు. మాదేవి ఒక చేత్తో పుల్లమ్మ గడ్డం పట్టుకుని, ఇంకో చేత్తో ముద్ద పెట్టింది. తరవాత కొంగు వదల్లేదు. తిరుగు బస్సులో ఇద్దరూ ఎమ్మిగనూరు వచ్చారు. అప్పటినుంచి మాదేవి ఆ ఇంట్లోనే పెరిగింది, పుల్లమ్మను చిన్నమ్మా అంటూ.

ఉగాది వెళ్లాక పుల్లమ్మ వేళ్ల కణుపులు వాచాయి. పోగు ముడివేయలేక మగ్గం దిగి కూర్చునేది. మెడ మీద, చేతుల మీద ఎర్రగా కొద్దిగా పేలినట్టయి పోయింది. ఎండకు చెమటకాయలు అనుకుంది. నేనూ అదే అనుకున్నాను. వేన్నీళ్లలో వేళ్లు ముంచుకోమని సలహా కూడా ఇచ్చాను.

ఆ ఏడు దసరాకు సోమప్ప దేవరగట్టు కర్రల సమరానికి పోలేదు. ఇంట్లో పసిబిడ్డ. ఆడపిల్ల, మరీ చిన్నది, ఊరి దేవుడు నీలకంఠేశ్వరుడి పేరున నీలమ్మ అని పిలిచారు. మగ్గం పక్కన గుడ్డ ఉయ్యాల కట్టారు. దబదబమని మగ్గం మోగుతున్నా పిల్ల ఉలిక్కిపడేది కాదు. మగ్గం ఇంట పుట్టిన బిడ్డంటే ఇదీ అని చూడవచ్చినవాళ్లు మెచ్చుకున్నారు. పుల్లమ్మ మురిసిపోయింది. ఆమె అంత మురిసిపోవడం నేను మళ్లీ చూడలేదు.

కొన్నాళ్లకు వెలుతురులో చూస్తే రెండు కళ్ల నల్లగుడ్ల మధ్య తెల్లగా ఉంది. చెవి పక్కన తపేలా కొట్టినా తల తిప్పలేదు. పాలు తాగుతుంటే ఆయాసపడి పెదాలు నల్లబడేవి. కస్తూరమ్మ వేళ్ల మీద నెలలు లెక్కేసుకుంది.

"గ్రాణం నాటికే కడుపుతో ఉంటివి గదే. కత్తెర యాల పడితివే" అంది.

"నువ్వే ఇస్తివి గదా అత్తా" అనలేదు పుల్లమ్మ. అక్కడే ఉన్న నేను అన్నాను. కస్తూరమ్మ నన్ను పట్టించుకోలేదు. పంతులు గారి కూతురికి చదువెక్కువై నోరు పెరిగిందని వీధంతా అప్పటికే ఒప్పుకున్న సంగతి.

కర్నూలు పెద్దాసుపత్రికి తీసుకుపోయేటప్పుడు, డాక్టర్లతో మాట్లాడడానికి నన్ను వెంట పంపించాడు మా నాయన. కస్తూరమ్మా వచ్చింది, మాదేవిని ఇంట్లో వదిలితే ఏడుస్తుందని దాన్నీ తీసుకొచ్చారు. డాక్టరు పిల్లను చాలాసేపు చూశాడు. కళ్లలో పొర, చెవుడు, పుట్టగానే మూసుకోవలసిన గుండె దగ్గరి నాళం మూసుకోకపోవడం, మూడూ కలిసి ఉన్నాయన్నాడు. కళ్లకు ఆపరేషన్ చేస్తే కొంచెం వెలుతురు తెలుస్తుంది, గుండెకు మద్రాసు పోవాలన్నాడు. చివర పుల్లమ్మను అడిగాడు.

"కడుపుతో ఉన్న మొదటి నెలల్లో నీకు జ్వరం గానీ, ఎర్రగా దద్దుర్లు గానీ వచ్చాయామ్మా?"

పుల్లమ్మ నోరు తెరిచింది. కస్తూరమ్మ అడ్డం వచ్చింది. "ఏమీ రాలేదు సారూ. గ్రాణం నాడు కత్తెర పట్టె, అంతే." డాక్టరు మళ్లీ పుల్లమ్మనే చూశాడు. ఆమె తన కొంగు పట్టుకుని నిలబడ్డ మాదేవిని దగ్గరికి లాక్కుంది. నేను ఆ వేళ్ల వాపు సంగతి మరిచేపోయాను.

ఆ తరవాత ఆరేళ్లూ పుల్లమ్మ ఎలా బతికిందో చెప్పాలంటే నాకు పళ్లు పటపటలాడతాయి. గ్రహణం కోసిన బిడ్డ తల్లి అని పేరు పెట్టారు. శ్రీమంతాలకు పిలవడం మానేశారు. కడుపుతో ఉన్నవాళ్లెవరైనా చూడవస్తే నీలమ్మ ఉయ్యాల దగ్గరికి రానివ్వకుండా కస్తూరమ్మే తరిమేది. కొళాయి దగ్గర ఆమె ఎదురొస్తే కడుపుతో ఉన్నవాళ్లు కొంగు కడుపు మీదికి లాక్కుని పక్కకు తప్పుకునేవాళ్లు. అన్నిటికన్నా నాకు మంటెక్కించింది ఇంకోటి. చీర ఆమే నేసేది. నేయడం అయ్యాక మగ్గం మీంచి కోయడానికి మాత్రం కస్తూరమ్మ వచ్చేది. ఆ ఇంట్లో పుల్లమ్మ చేతికి మళ్లీ కత్తెర ఇవ్వలేదు.

నీలమ్మకు ఒక కంటికి ఆపరేషన్ చేశారు. వెలుతురు, నీడ తెలిసేవి. నడక ఆలస్యంగా వచ్చింది, నాలుగడుగులు వేస్తే ఆయాసం. దాన్ని మోసింది, తినిపించింది, పక్కన పడుకోబెట్టుకుంది మాదేవి. బడికి పొమ్మని మా నాయన ఎన్నిసార్లు చెప్పినా "సెల్లెల్ని ఎవురు సూస్తారు సారూ" అనేది. పోనేలేదు. నీలమ్మ అరచేతిని మగ్గం స్తంభానికి ఆనించి పట్టుకునేది. పుల్లమ్మ నేస్తుంటే ఆ దెబ్బ స్తంభంలోంచి చేతికి తెలిసేది, నీలమ్మ నవ్వేది. ఆ ఇంట్లో నవ్వు వినపడిందంటే అప్పుడే.

ఎమ్మెస్సీ అయ్యాక నాకు ఆదోని కాలేజీలో జంతుశాస్త్రం చెప్పే ఉద్యోగం వచ్చింది. 1986లో ఒకనాడు పాఠం కోసం వైరస్‌ల పుస్తకం తిరగేస్తుంటే రుబెల్లా అన్న పేరు దగ్గర ఆగాను. పిల్లలకు సన్నని దద్దుర్లు, చెవుల వెనక గ్రంథుల వాపు. పెద్ద ఆడవాళ్లకు వేళ్ల కీళ్ల నొప్పులు. కడుపులో బిడ్డకు కళ్లలో పొర, చెవుడు, మూసుకోని గుండె నాళం. కీళ్ల నొప్పులన్న మాట దగ్గర పుల్లమ్మ వాచిన వేళ్లు గుర్తొచ్చాయి. ఆ వారమంతా దొరికినవన్నీ చదివాను.

ఆ వైరస్‌లో ఉన్నదల్లా ఒక్క పోగు. ఆర్‌ఎన్‌ఏ అనే ఆ పోగులో పదివేలకు కాస్త తక్కువ అక్షరాలుంటాయి. పోగు చుట్టూ ప్రోటీన్ గుల్ల, దాని మీద కొవ్వు పొర, పొర మీద ముళ్లలాగా రెండు రకాల ప్రోటీన్లు. ఆ పొర కూడా దాని సొంతం కాదు, అంతకుముందు ఏ మనిషి కణంలో పుట్టిందో ఆ కణం దగ్గర కాజేసింది. మనిషి ఒంట్లో తప్ప దానికి వేరే బతుకు లేదు. దగ్గుతోనో మాటతోనో ఒకరి ఊపిరిలోంచి ఇంకొకరి గొంతులోకి పోతుంది. దద్దుర్లకు వారం ముందునుంచీ, అవి లేచిన తరవాత వారం దాకా కూడా అలా పోగలదు. గ్రంథుల్లో పెరిగి రక్తంలో కలుస్తుంది. రెండు మూడు వారాలకు గానీ ఒంటి మీద కనపడదు.

కణం దాన్ని ముళ్లతో సహా లోపలికి మింగుతుంది. మింగిన సంచిలో పులుపెక్కగానే వైరస్ పొర, సంచి పొర కలిసిపోయి పోగు బయటపడుతుంది. పోగు చూసి ప్రోటీన్ తయారుచేయడం కణం రోజూ చేసే పనే. ఎవరి పోగని అడగదు. మొదట తయారయ్యేవి నకళ్లు తీసే పనిముట్లు. అవి ఆ పోగుకు ఎదురు పోగు తీసి, దాన్ని చూసి అసలు పోగులు కుప్పలుగా తీస్తాయి. గుల్లకు, ముళ్లకు కావలసిన ప్రోటీన్ల కోసం ఒక పొట్టి పోగును వేరుగా తీస్తాయి. కణంలో గాల్జీ అనే చోట ఇవన్నీ మూటకట్టుకుని, అక్కడి పొరే కప్పుకుని బయటికి పోతాయి. చాలాచోట్ల ఇది కణాన్ని చంపదు. అదే దాని పాపం. కడుపులో బిడ్డకు మావిగుండా చేరి, కణాలు బతికుండగానే వాటి పెరుగుదలను మందగింపజేస్తుంది. కంటి కటకం, లోపలి చెవి, గుండె తయారయ్యేది మొదటి మూడు నెలల్లో. అప్పుడు వెనకబడింది తరవాత పూడదు. మూడు నెలలు దాటాక వస్తే ప్రమాదం బాగా తగ్గిపోతుంది.

అంటే కస్తూరమ్మ నోరిప్పొద్దన్న మూడు నెలలూ, ఆ వైరస్‌కు కావలసిన మూడు నెలలూ ఒకటే. కడుపుతో ఉన్నవాళ్లను అమ్మవారి గడప తొక్కనీయని మంచి కట్టు, ఆ కట్టు అవసరమైన రోజుల్లోనే పనిచేయదు, ఎందుకంటే అప్పటికింకా ఎవరూ చెప్పరు. టీకా కనిపెట్టి అప్పటికే పదేళ్లు దాటింది. మా వీధికి దాని పేరు కూడా రాలేదు.

ఆదివారం బస్సెక్కి ఎమ్మిగనూరు పోయాను. ఆమె మీది నింద ఆ పూటే తుడిచేద్దామని నా తొందర. వీధిలో అందరినీ పిలిచి కడిగేయాలని కూడా ఉంది. ముందు పుల్లమ్మకు చెప్పాలి కదా. మాదేవి చెల్లెల్ని చంకనేసుకుని కొళాయికి పోయింది. పుల్లమ్మ మగ్గంలో ఉంది. పోగని, నకలని, ఎదురు పోగని మగ్గం భాషలోనే చెప్పాను. ఆమె నేయడం ఆపకుండా విన్నది.

"గ్రాణం కాదక్కా. కత్తెర కాదు. నీ తప్పు రవ్వంత లేదు. ఆదోనిలో ఆ పిల్ల దగ్గర తగులుకున్నాది ఇది" అన్నాను.

మగ్గంలో అటూ ఇటూ పరిగెత్తే నాడె ఆగింది. "నాకు తెలుసు చంద్రమ్మా" అంది.

నాకు అర్థం కాలేదు. ఎప్పుడు తెలిసిందని అడిగాను.

"కర్నూల్ల డాక్టరు అడిగినప్పుడు. దద్దులు వచ్చినాయా అనె. వచ్చినాయి అని నోటిదంక వచ్చె. మాదేవి నా కొంగు పట్టుకోని ఆడనే నిలబడి ఉండె."

"మల్ల యాల చెప్పలేదు?"

"మా యత్త ఏమంటాదో నీకు తెల్దా? తల్లిని మింగింది, ఇప్పుడు సెల్లెల్ని మింగింది అంటాది. నన్నంటే నేను పడతాను. అది యాడికి పోతాది?"

రోగం తగిలితే అది పిల్ల తప్పెలా అవుతుందని గొంతు పెంచాను. ఆమె నా చెయ్యి పట్టుకుంది.

"కాదని నీకు తెలుసు, నాకు తెలుసు. ఈ ఈదికి ఎవురు సెప్తారు? ఆ బిడ్డకు ఎవురు సెప్తారు? ఆరేండ్ల నుంచి నీలమ్మను మోస్తాంది అది. నీ వల్లనే ఇట్లయింది అని సెవిన పడితే బతుకుతాదా? గ్రాణమనే ఉండనీ. ఒట్టు పెట్టు."

ఒట్టు పెట్టాను. తరవాత చదివింది ఇంకొకటి ఆమెకు చెప్పనేలేదు. ఇలాంటి బిడ్డల గొంతులో పుట్టాక కూడా నెలల తరబడి ఆ వైరస్ ఉంటుందట. కడుపుతో ఉన్నవాళ్లను ఉయ్యాల దగ్గరికి రానివ్వకుండా కస్తూరమ్మ తరిమింది చూడండి, ఎవరి బిడ్డలనో ఆమె తెలియకుండానే కాపాడి ఉండొచ్చు. ఆమెను మెచ్చుకోవడానికి నాకు మనసు రావడం లేదు. అయినా నిజం నిజమే.

మరుసటి ఏడు ఎండలు ముదరకముందే నీలమ్మ పోయింది. గుండె అలసిపోయింది. నేను పోయేసరికి ఇంటినిండా జనం. కస్తూరమ్మ నిజంగానే గుండెలు బాదుకుని ఏడుస్తోంది, ఆమెకూ మనవరాలే కదా. మాదేవి మాత్రం ఏడవలేదు. స్తంభానికి ఆనుకుని, "నేనే సరిగ్గ సూసుకోలేదు సిన్నమ్మా, నా వల్లనే పోయింది" అంటూ ఉంది. పుల్లమ్మ దాని తలను ఒళ్లోకి లాక్కుంది. అందరికీ వినపడేటట్టు చెప్పింది.

"నీ వల్ల కాదు. గ్రాణం నాడు కత్తెర పట్టింది నేను. నా వల్లనే పోయింది."

ఆడవాళ్లు తలలాడించారు. పుల్లమ్మ నావైపు ఒక్కసారి చూసింది. నేను నోరు మూసుకున్నాను. నా జన్మలో నోరు మూసుకోవడం అంత కష్టం ఎప్పుడూ కాలేదు.

రెండేళ్లకు మాదేవికి పెళ్లి చేశారు. సంబంధం ఆ వీధిలోనే. మా నాయన బదిలీ అయి మేం ఖాళీ చేసిన ఇంట్లోకే, పుల్లమ్మ గడపకు ఎదురుగానే కాపురానికి వచ్చింది. మాదేవికి అక్షరం ముక్క రాదు, అందుకే ఒట్టు తప్పకుండా ఇదంతా రాయగలుగుతున్నాను. పేర్లు కూడా మార్చాను. నెల తప్పిన సంగతి మాదేవి మొదట పుల్లమ్మకే చెప్పింది, రహస్యంగా.

పుల్లమ్మ బిందె తీసుకుని నేరుగా కొళాయి దగ్గరికి పోయింది. అందరి ముందూ నిలబడి, "మా మాదేవికి నెల తప్పింది. యాడన్న అమ్మోరు పోస్తే ఆ పిల్లను ఆ గడప తొక్కనీయాకండి" అంది. ఎప్పుడూ గొంతు లేవని మనిషి అలా అనేసరికి అందరూ బిత్తరపోయారు. కస్తూరమ్మ నెత్తి కొట్టుకుంది. మూడు నెలలు నిండకుండా చాటిందని మాదేవి అత్త ఇంతెత్తున లేచింది. అయితే ఆ మాట ఆ సాయంత్రానికే వీధంతా పాకింది. ఆ వేసవిలో రెండిళ్లలో పిల్లలకు దద్దుర్లు లేస్తే, మాదేవిని ఆ ఛాయలకు పోనివ్వలేదు. ఒకసారి పోసినవాళ్లకు అది మళ్లీ రావడం అరుదని పుస్తకంలో ఉంది, కానీ ఆ అరుదును నమ్ముకుని కూర్చునే మనిషి కాదు పుల్లమ్మ.

కడుపుతో ఉందని అందరికీ తెలిశాక ఇంకో కట్టు కూడా పనిచేసింది. గ్రహణం కోసిన బిడ్డను కన్న తల్లి మా కోడలి దగ్గరికి రాకూడదని మాదేవి అత్త తలుపు మూసింది. చాటేటప్పుడే పుల్లమ్మకు ఆ సంగతి తెలుసు. శ్రీమంతానికి పిలవలేదు. కాన్పు నాడు పోనివ్వలేదు. వీధికి ఇవతల గడప మీద కూర్చునేది.

బిడ్డ పుట్టాక నేను చూడ్డానికి పోయాను. బిడ్డ కళ్లు నల్లగా మెరుస్తున్నాయి. పక్కింట్లో ఎవరో మగ్గం మీద గట్టిగా దెబ్బ వేశారు. పసిబిడ్డ ఉలిక్కిపడి, రెండు చేతులూ పైకెత్తి, కేరుమని ఏడ్చింది. నేను కిటికీలోంచి చూశాను. ఎదురు గడప మీద పుల్లమ్మ ఆ ఏడుపు వింటూ, కొంగు నోట్లో కుక్కుకుని కూర్చుంది.